చార్జర్ పీకేస్తే బిల్లు తగ్గుతుందా? ఇంట్లో కరెంటు, గ్యాస్, నీళ్లు నిజంగా ఎక్కడికి పోతున్నాయి

ఈ రోజు ఎపిసోడ్ మన ఇంటి గురించే. కరెంటు, గ్యాస్, నీళ్లు. "మళ్లీ లైట్లు ఆపండి, ట్యాప్ కట్టండి అని క్లాస్ పీకుతారు" అనుకుని స్కిప్ చేయకండి. ఈ రోజు నేను మీకు నీతులు చెప్పను, లెక్కలు చెప్తాను. భయపడకండి, అన్నీ కూడికలు, గుణకారాలే. మీ ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, చాలా ఇళ్లల్లో కరెంటు బిల్లు వచ్చిన రోజు ఒక చిన్న గొడవ జరుగుతుంది. నాన్న వచ్చి "రాత్రంతా ఆ ఫోన్ చార్జింగ్‌లో ఉంటే బిల్లు రాకుండా ఎలా ఉంటుంది" అంటారు. అమ్మ వంటింట్లో లైట్ ఆపేసి చీకట్లోనే గిన్నెలు కడుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నానమ్మ ఫ్యాన్ ఆపేసుకుని విసనకర్రతో కూర్చుంటుంది. వచ్చే నెల బిల్లు మాత్రం మళ్లీ అంతే వస్తుంది. ఎందుకంటే మనం పొదుపు చేస్తున్న చోట అసలు ఖర్చే లేదు. ఖర్చవుతున్న చోటికి మన చూపు పోవట్లేదు. పైగా ఆ ఉపయోగం లేని పొదుపు భారం ఇంట్లో గట్టిగా మాట్లాడలేని వాళ్ల మీద పడుతోంది. అందుకే లెక్క తెలియాలి అంటున్నాను.

ముందు యూనిట్ అంటే ఏంటో చూద్దాం

మీ మీటర్ మీద కేడబ్ల్యూహెచ్ అని ఉంటుంది. అంటే కిలోవాట్ అవర్. మనం మామూలుగా యూనిట్ అనేది దాన్నే. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 100 వాట్ల వస్తువైతే పది గంటలకి ఒక యూనిట్. అంతే. వస్తువు వెనక స్టిక్కర్ మీద వాట్లు ఉంటాయి. వాట్లని గంటలతో గుణించి, వెయ్యితో భాగిస్తే యూనిట్లు వచ్చేస్తాయి.

ఇప్పుడు మన మీద ఉన్న పెద్ద ఆరోపణ, ఫోన్ చార్జింగ్ సంగతి తేల్చేద్దాం. మీ ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్ అనుకోండి. దాని వోల్టేజ్ సుమారు 3.85. ఈ రెండూ గుణిస్తే దాదాపు 19 వాట్ అవర్స్. చార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి 25 అనుకుందాం. అంటే ఒక్క యూనిట్ కరెంటుతో మీ ఫోన్ సున్నా నుంచి వందకి 40 సార్లు ఎక్కుతుంది. ఇంట్లో నాలుగు ఫోన్లు ఉండి, నలుగురూ రోజూ ఫుల్ చార్జ్ పెట్టినా నెలకి మూడు యూనిట్లు. ఫోన్ తీసేశాక చార్జర్ ప్లగ్‌లో వదిలేస్తే? నెలంతా వదిలేసినా పావు యూనిట్ కూడా కాదు. స్విచ్ ఆపడం మంచి అలవాటే. కానీ దానివల్ల బిల్లు తగ్గుతుందని మాత్రం ఎదురుచూడకండి.

ఇప్పుడు ఇదే లెక్క స్నానం నీళ్లకి వేద్దాం. ఒక లీటరు నీళ్లని ఒక్క డిగ్రీ వేడి చేయాలంటే సుమారు 1.16 వాట్ అవర్స్ కావాలి. ఇది ఫిజిక్స్, ఏ కంపెనీ గీజర్ అయినా మారదు. 20 లీటర్ల బకెట్, నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నాయి, 40 డిగ్రీలకి తేవాలి. 20 ఇంటూ 15 ఇంటూ 1.16. దాదాపు 350 వాట్ అవర్స్. అంటే 0.35 యూనిట్. ఒక్క బకెట్ వేడినీళ్లు అంటే పద్నాలుగు సార్లు ఫోన్ చార్జింగ్ అన్నమాట! రెండు వారాల చార్జింగ్ ఒక్క స్నానంలో అయిపోయింది. నలుగురు రోజూ వేడినీళ్ల స్నానం చేస్తే నెలకి 42 యూనిట్లు. ఫోన్లకి మూడు, స్నానాలకి నలభై రెండు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఈ ఎపిసోడ్ అంతా దీని మీదే నడుస్తుంది.

వేడి, చల్లదనం, ఎత్తడం

ఇంట్లో ఎక్కువ కరెంటు తినే పనులు మూడు రకాలు. వేడి చేయడం: గీజర్, వాటర్ రాడ్, ఐరన్ బాక్స్, ఇండక్షన్, ఓవెన్. చల్లబరచడం: ఏసీ, ఫ్రిజ్. బరువు ఎత్తడం: నీళ్ల మోటార్. వెలుతురు, మాట, పాట, వీడియో ఇవన్నీ చాలా తక్కువలో అయిపోతాయి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకి ఆరు గంటలు వెలిగితే నెలకి 1.6 యూనిట్లు. అమ్మ చీకట్లో గిన్నెలు కడగక్కర్లేదు.

వాటర్ రాడ్ గురించి ఒక అపోహ ఉంది. "రాడ్ 1500 వాట్లు, గీజర్ 2000 వాట్లు, కాబట్టి రాడ్ వాడితే కరెంటు తక్కువ" అంటారు. కాదు. అదే బకెట్‌ని అంతే వేడి చేయడానికి రెండింటికీ దాదాపు అంతే యూనిట్లు కావాలి. రాడ్ కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, అంతే తేడా. అసలు నష్టం ఎక్కడంటే, 25 లీటర్ల గీజర్‌ని 60 డిగ్రీలకి పెట్టి, ఒక్కరు స్నానం చేసి వెళ్లిపోవడం. ఆ ట్యాంక్ మొత్తం వేడెక్కడానికి ఒక యూనిట్ పోయింది. మిగిలిన వేడి మెల్లగా గాలిలో కలిసిపోతుంది. అందుకే థర్మోస్టాట్ 50 దగ్గర పెట్టండి, స్నానానికి ముందు ఆన్ చేయండి, ఇంట్లో వాళ్లు ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసేయండి. రాడ్ వాడే వాళ్లకి ఒక మాట. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. ఏ పొదుపూ ప్రాణం కంటే ఎక్కువ కాదు.

ఏసీ సంగతి. 1.5 టన్నుల ఏసీ కంప్రెసర్ ఫుల్‌గా నడుస్తున్నప్పుడు గంటకి సుమారు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. చాలామంది రూమ్ త్వరగా చల్లబడాలని 18 పెడతారు. 18 పెట్టినా 24 పెట్టినా మామూలు ఏసీ చల్లబరిచే వేగం ఒక్కటే. తేడా ఏంటంటే, 24 దగ్గర కంప్రెసర్‌కి విశ్రాంతి దొరుకుతుంది, 18 దగ్గర దొరకదు. ఇన్వర్టర్ ఏసీ అయితే 24 చేరాక వేగం తగ్గించుకుంటుంది, 18 కోసం అయితే పరుగెడుతూనే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే మనకి స్టార్ రేటింగ్ స్టిక్కర్ ఇచ్చే సంస్థ, చెప్తోంది. అందుకే 2020 జనవరి నుంచి కొత్త రూమ్ ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలని రూల్ పెట్టారు. 26 పెట్టి, ఫ్యాన్ చిన్నగా వేసుకుని చూడండి.

ఆ స్టార్ స్టిక్కర్‌ని కూడా చదవడం నేర్చుకోవాలి. అందరూ నక్షత్రాలు లెక్కపెడతారు. కానీ దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అనే నంబర్ కూడా ఉంటుంది. అసలు చూడాల్సింది అది. ఫ్రిజ్ అయితే ఆ నంబర్‌ని 12తో భాగిస్తే నెల యూనిట్లు వచ్చేస్తాయి. ఏసీకి మాత్రం ఆ నంబర్ ఏడాదికి 1600 గంటలు నడుస్తుందనే లెక్కతో వేసింది. మీరు అంతకంటే ఎక్కువ వాడితే అంతకంటే ఎక్కువ వస్తుంది.

ఇక ఫ్యాన్. ఒక్కటి చూస్తే చిన్నదే, కానీ గంటలు ఎక్కువ. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. రోజుకి 16 గంటలు తిరిగితే నెలకి 36 యూనిట్లు. అదే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్ల చుట్టుపక్కల, నెలకి 14 యూనిట్లు. ఒక్క ఫ్యాన్ మీద ఇరవైకి పైగా యూనిట్లు మిగిలాయి, గాలి ఏమాత్రం తగ్గలేదు. ఎక్కువసేపు తిరిగే ఫ్యాన్ ఏది ఇంట్లో? నానమ్మ గదిలోది కదా. అయితే ముందు ఆ ఫ్యాన్ మార్చండి. వడగాలుల టైమ్‌లో పెద్దవాళ్లు ఫ్యాన్ ఆపుకోవడం పొదుపు కాదు, ప్రమాదం.

ఒక్క యూనిట్ ధర 207 రూపాయలు ఎలా అవుతుంది?

ఇప్పుడు స్లాబ్ గురించి. నాకు తెలిసి చాలామంది యూత్ బిల్లులో ఇది చూడరు. ఫోన్‌లో "పే" నొక్కేస్తారు, అయిపోతుంది.

తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ తీసుకుందాం. నెలకి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున. సరిగ్గా 200 వాడితే 340 ప్లస్ 480, మొత్తం 820 రూపాయలు. ఇప్పుడు 201 వాడారనుకోండి. ఇల్లు ఇంకో గ్రూపులోకి వెళ్లిపోతుంది. మొదటి 200 యూనిట్లకీ 5.10 పడుతుంది, అది 1020. ఆ 201వ యూనిట్‌కి 7.70. మొత్తం 1027.70. అంటే ఆ ఒక్క యూనిట్ మనకి 207 రూపాయల 70 పైసలకి పడింది! ఇందులో ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ కలపలేదు. 100 నుంచి 101కి వెళ్లినప్పుడు కూడా ఇలాంటి మెట్టే ఒకటుంది. పైగా గృహజ్యోతి పథకంలో ఉన్న ఇళ్లకి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఇలా గ్రూపు మారే పద్ధతి లేదు. అక్కడ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లకి 1.90, అలా పెరుగుతూ 400 దాటాక 9.75. అంటే చివరి యూనిట్ ధర మొదటి యూనిట్‌కి ఐదు రెట్లు. రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి మీ తాజా బిల్లు వెనక్కి తిప్పి చూసుకోండి. కానీ సూత్రం ఒక్కటే. మీరు మిగిల్చే యూనిట్ ఎప్పుడూ చివరి యూనిట్, అంటే అన్నిటికంటే ఖరీదైన యూనిట్. సగటు రేటు చూసి "ఇరవై యూనిట్లు మిగిలితే ఎంతలే" అనుకోవద్దు.

అందుకే మీటర్ చూడటం అలవాటు చేసుకోండి. పోయిన నెల రీడింగ్ బిల్లు మీద ఉంటుంది. ఇరవయ్యో రోజున మీటర్ ఫోటో తీసి అందులోంచి తీసేయండి. 150 వచ్చిందనుకోండి, మిగిలిన పది రోజులకి 50 ఉన్నాయి, రోజుకి ఐదు. మొబైల్ డేటా ప్యాక్ చూసుకున్నట్టే కదా? రోజుకి రెండు జీబీ దాటకుండా జాగ్రత్త పడేవాళ్లం, దీన్నెందుకు వదిలేయాలి?

గ్యాస్: నీళ్లు మరిగాక మంట ఎక్కడికి పోతుంది?

ఇక వంటింట్లోకి వెళ్దాం. మన ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. మన దేశం వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతి చేసుకునేదే. అందుకే ఎక్కడో గల్ఫ్‌లో ఏదైనా జరిగితే మన వంటింట్లో చర్చ మొదలవుతుంది.

గ్యాస్ పొదుపులో అన్నిటికంటే పెద్ద విషయం ఒకటే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మూత లేని గిన్నెలో అంతకంటే వేడెక్కవు. మీరు మంట ఎంత పెంచినా సరే! పప్పు ఉడుకుతున్నప్పుడు ఫుల్ మంట పెడితే పప్పు త్వరగా ఉడకదు, నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి. లీటరు నీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి అయ్యే వేడికి ఏడున్నర రెట్లకు పైగా వేడి కావాలి, అదే లీటరు మొత్తాన్ని ఆవిరి చేయడానికి. మనం మూత పెట్టకుండా, సిమ్ చేయకుండా పోగొట్టేది ఆ ఆవిరినే. కాబట్టి ఒక పొంగు రాగానే సిమ్‌లో పెట్టి, మూత వేయండి. ఈ ఒక్క అలవాటు ఖర్చు లేనిది.

కుక్కర్ ఎందుకు పొదుపంటే, లోపల ప్రెషర్ పెరిగి నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. పప్పు నిజంగానే త్వరగా ఉడుకుతుంది. మొదటి విజిల్ రాగానే సిమ్ చేస్తే చాలు. విజిల్ కొట్టిన ప్రతిసారీ బయటికి పోయేది మనం డబ్బిచ్చి కొన్న వేడే. శనగలు, రాజ్మా రాత్రే నానబెట్టడం మన అమ్మమ్మలకి తెలిసిన టెక్నాలజీ. ఫ్రిజ్‌లోంచి తీసిన కూర, పాలు కాసేపు బయట పెట్టి వేడి చేయండి. మంట గిన్నె అంచులు దాటి పైకి వస్తోందంటే మీరు గిన్నెని కాదు, వంటింటిని వేడి చేస్తున్నారు. మంట నీలం రంగులో ఉండాలి. పసుపుగా వస్తూ గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. పిన్నుతో శుభ్రం చేయండి, తగ్గకపోతే మెకానిక్‌ని పిలవండి.

సిలిండర్ మీద చదవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఖాళీ సిలిండర్ బరువు. దానికి 14.2 కలిపితే నిండు బరువు రావాలి. తూకం వేసి చూపించమని డెలివరీ బాయ్‌ని అడగడం మీ హక్కు, మొహమాటం వద్దు. రెండోది, పైన పట్టీ లోపల ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా. ఆ గడువు దాటిన సిలిండర్ మళ్లీ పరీక్ష చేయాల్సినది, తీసుకోకండి. రబ్బరు పైపు ఐదేళ్లకోసారి మార్చాలి.

గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. రెండింటిలోనూ నిప్పురవ్వ వస్తుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. రెగ్యులేటర్ ఆపి, తలుపులు కిటికీలు తీసి, బయటికి వచ్చి 1906కి కాల్ చేయండి.

"మరి ఇండక్షన్ బెటరా, గ్యాస్ బెటరా?" బ్యాచిలర్స్ అందరూ అడిగే ప్రశ్న ఇది. లెక్క వేద్దాం. ఒక సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుకి సమానం. కానీ పొయ్యి మీద అందులో 60 శాతం చుట్టుపక్కల మాత్రమే గిన్నెకి చేరుతుందనుకుందాం. ఇండక్షన్‌లో 85 శాతం దాకా చేరుతుంది. అంటే ఒక సిలిండర్ చేసే వంటని ఇండక్షన్ సుమారు 125 యూనిట్లలో చేస్తుంది. మీకు యూనిట్ 5.10 పడుతుంటే 640 రూపాయలు. 9 రూపాయలు పడుతుంటే 1125. మీ సిలిండర్ ధరతో పోల్చుకోండి. చూశారా, మళ్లీ స్లాబ్ దగ్గరికే వచ్చాం. 190 యూనిట్ల దగ్గర ఉన్న ఇల్లు ఇండక్షన్ మొదలుపెడితే మెట్టు దాటేస్తుంది. ఒకే రూమ్‌లో ఒక్కరే ఉండి నెలకి 40 యూనిట్లు వాడే వాళ్లకి లాభం కావచ్చు. ఒకే సమాధానం అందరికీ పనికిరాదు.

నీళ్లు: కనపడని కరెంటు బిల్లు

చివరికి నీళ్లు. నీళ్లకి బిల్లు తక్కువ కాబట్టి మనం లెక్క చేయం. కానీ నీళ్లలో కరెంటు దాక్కుని ఉంటుంది.

హైదరాబాద్‌నే తీసుకోండి. నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది 500 మీటర్లకు పైన. అంటే మన బకెట్‌లో నీళ్లు 300 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కి వచ్చాయి. వెయ్యి లీటర్లని అంత ఎత్తు ఎక్కించడానికి ఫిజిక్స్ ప్రకారమే ముప్పావు యూనిట్ దాటుతుంది. పంపుల నష్టం, పైపుల్లో రాపిడి కలిపితే ఒక యూనిట్ పైమాటే.

బోరు నీళ్లయితే? 100 మీటర్ల లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవడానికి కాగితం మీద 0.27 యూనిట్. మోటార్ నష్టాలు కలిపితే దానికి రెండు మూడు రెట్లు. బోరు లోతు పెరిగే కొద్దీ ఇదీ పెరుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇది మీ మీటర్‌లో కనపడదు, మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంది. ట్యాంక్ నిండి పైనుంచి జలపాతంలా పడుతుంటే, 1.5 హెచ్‌పీ మోటార్ అరగంటలో ముప్పావు యూనిట్ దాకా లాగేస్తుంది. నీళ్లూ పోయాయి, కరెంటూ పోయింది. ఫ్లోట్ వాల్వ్ లేదా ఆటోమేటిక్ స్విచ్ పెట్టుకోమని అసోసియేషన్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. గుడ్ మార్నింగ్ ఫోటోల కంటే అది పనికొస్తుంది.

ఎన్ని నీళ్లు కావాలి అసలు? భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని కేంద్రం ప్రమాణం. హైదరాబాద్‌లో 2021 నుంచి మీటర్ ఉన్న ఇళ్లకి నెలకి 20,000 లీటర్లు ఉచితం. ఐదుగురున్న ఇంటికి పంచితే మనిషికి రోజుకి 133 లీటర్లు. అంటే దాదాపు ఆ ప్రమాణమే. ఇప్పుడు షవర్ చూద్దాం. మామూలు షవర్ నిమిషానికి పది లీటర్ల దాకా పోస్తుంది. పది నిమిషాలు పాట పాడుతూ నిలబడితే వంద లీటర్లు. ఒక్క స్నానంతో రోజు కోటాలో మూడొంతులు ఖాళీ. బకెట్ స్నానం 20 లీటర్లు. అది వేడినీళ్ల షవర్ అయితే మొదట చెప్పిన లెక్క గుర్తుందా? గీజర్ నీళ్లు, చన్నీళ్లు కలిసి 40 డిగ్రీల దగ్గర వంద లీటర్లు పడ్డాయంటే ఒకటిన్నర యూనిట్ దాటింది. నీళ్లు తగ్గిస్తే కరెంటు దానంతట అదే తగ్గింది.

మీ ఇంట్లో ట్యాప్ ఎంత పోస్తుందో కొలవడం చాలా తేలిక. లీటరు బాటిల్ పెట్టి స్టాప్‌వాచ్ నొక్కండి. ఆరు సెకన్లలో నిండితే నిమిషానికి పది లీటర్లు. పళ్లు తోముకునేటప్పుడు రెండు నిమిషాలు వదిలేస్తే ఒక బకెట్. ట్యాప్ చివర ఏరేటర్ అనే చిన్న జాలీ బిగిస్తే సగానికి పైగా తగ్గుతుంది, ధార మాత్రం నిండుగానే కనపడుతుంది. అద్దె ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకెళ్లిపోవచ్చు.

కారుతున్న ట్యాప్ కింద ఒక మగ్గు పెట్టి గంట తర్వాత చూడండి. దాన్ని 24తో, 30తో గుణించండి. ఓనర్‌కి "ట్యాప్ కారుతోంది అంకుల్" అని చెప్తే పట్టించుకోకపోవచ్చు. "నెలకి ఇన్ని వందల లీటర్లు పోతున్నాయి అంకుల్, మోటార్ కరెంటు మీదే" అని చెప్పి చూడండి.

ఆర్‌ఓ ప్యూరిఫయర్ ఒక లీటరు మంచినీళ్లు ఇచ్చి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. అసలు మీ నీళ్లకి ఆర్‌ఓ అవసరమా అనేది ముందు చూడండి. తాగునీటిలో టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిదని భారత ప్రమాణాల సంస్థ చెప్తోంది. మున్సిపల్ నీళ్లు చాలా చోట్ల ఆ లోపే ఉంటాయి, అలాంటప్పుడు యూవీ ఫిల్టర్ సరిపోవచ్చు. ఆర్‌ఓ తప్పనిసరైతే ఆ పైపు కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లతో ఇల్లు తుడవండి, బాత్రూమ్ కడగండి.

సొంత ఇల్లున్న వాళ్లకి ఇంకొక్క లెక్క. వంద గజాల డాబా మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే 800 లీటర్లకు పైగా నీళ్లు. వంద కిలోమీటర్ల నుంచి పంపు చేయనక్కర్లేదు, ఎత్తనక్కర్లేదు, నేరుగా మన ఇంటి మీదికే వచ్చింది. దాన్ని డ్రైనేజీలోకి వదిలేసి, మార్చిలో ట్యాంకర్ కోసం ఫోన్ చేస్తున్నాం. ఇంకుడు గుంత తీసి ఆ నీళ్లని భూమిలోకి పంపిస్తే బోరు కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది.

ఈ వారం చేయాల్సిన పని

సరే, ఇన్ని విన్నాం, ఇప్పుడేం చేయాలి? ఒక్కటే. ఏడు రోజులు, రోజూ ఒకే టైమ్‌కి మీటర్ ఫోటో తీయండి. నేను మా ఇంట్లో ఇలాగే చేశాను. రెండో రోజు నుంచే తేడాలు కనపడ్డాయి. బట్టలు ఐరన్ చేసిన రోజు, గీజర్ ఎక్కువసేపు ఉన్న రోజు నంబర్ ఎగిరింది. టీవీ ఎక్కువ చూసిన రోజు పెద్దగా కదల్లేదు. సెట్‌టాప్ బాక్స్ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. టీవీ ఆపినా అది పది వాట్ల చుట్టుపక్కల లాగుతూనే ఉంటుంది, అంటే నెలకి ఏడు యూనిట్లు. నాలుగు ఫోన్ల చార్జింగ్‌కి రెట్టింపు! రిమోట్‌తో కాకుండా గోడ దగ్గర స్విచ్ ఆపితే అయిపోయింది.

రూమ్మేట్స్‌తో ఉండేవాళ్లు ఈ ఫోటోలని గ్రూప్‌లో పెట్టండి. బిల్లు పంచుకునేటప్పుడు ఎవరు ఎక్కువ వాడారనే గొడవకి ఊహలు కాదు, నంబర్లు ఉంటాయి. ఇంట్లో ఉండేవాళ్లు నాన్న పక్కన కూర్చుని ఒకసారి ఈ లెక్క చూపించండి. వాదన కోసం కాదు. ఆయన ఇన్నాళ్లూ బిల్లు కట్టింది ఒక్కరే, లెక్క పంచుకునే వాళ్లు దొరికితే సంతోషిస్తారు.

అమ్మకి వంటింట్లో లైట్ వేయండి. నానమ్మకి ఫ్యాన్ వేయండి. గీజర్ దగ్గర, ఏసీ దగ్గర, మోటార్ దగ్గర, మూత లేని గిన్నె దగ్గర జాగ్రత్తపడండి. ఇంట్లో ఎవరూ ఇబ్బంది పడకుండానే బిల్లు తగ్గుతుంది.

మీ ఇంట్లో ఏడు రోజుల్లో ఏ రోజు ఎక్కువ యూనిట్లు వచ్చాయో, ఎందుకు వచ్చాయో కింద రాయండి, నేను చదువుతాను.